నోరు చూసి గొంతు సంగతి చెప్పగలమా?

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి, "నోరు బాగా తెరవండి, నాలుక బయటికి చాపండి" అని అడగడం చాలామందికి అనుభవమే. ఒక్క క్షణం లోపలికి చూసి, కాగితం మీద ఒక అంకె వేసుకుని వెళ్లిపోతారు. ఆ అంకెకు ప్రపంచమంతటా ఒక తెలుగువాడి ఇంటిపేరే పేరు. గుంటూరు జిల్లాలో పుట్టి, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో అనస్థీషియా వైద్యుడిగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు 1985లో ప్రచురించిన పరిశోధన అది. మత్తిచ్చాక శ్వాసనాళంలోకి గొట్టం వేయడం ఎవరికి కష్టమవుతుందో ముందే పసిగట్టాలన్నది దాని ఉద్దేశం.

నలభై ఏళ్ల తర్వాత ఆ పరీక్ష ఎంతవరకు పనికొస్తుందన్న మాట మీద వైద్యుల్లో గట్టి వాదమే ఉంది. ఆ వాదాన్ని ఇక్కడ ఇద్దరి నోట పెట్టాను. ప్రసూనాంబ గారు అనస్థీషియా ప్రొఫెసరుగా పనిచేసి రిటైరైన మనిషి. భార్గవ ఆవిడకు మేనల్లుడు, హైదరాబాదులో ఐసీయూ డాక్టరు. ఇద్దరూ నా కల్పన. వాళ్లు చెప్పే అంకెలు, సంవత్సరాలు, పరిశోధకుల పేర్లు మాత్రం అచ్చయిన అధ్యయనాల్లోవి. నా మొగ్గు ఎటో మధ్యలో చెప్పేస్తాను.

భార్గవ: అత్తయ్యా, మీకు కోపం వచ్చినా ముందే చెప్పేస్తాను. మా ఐసీయూలో పీజీలు కేస్ షీటులో "ఎంపీ టూ" (అంటే మల్లంపాటి రెండో తరగతి) అని రాస్తే నాకు గుబులు పుడుతుంది. అది రాశాక వాళ్ల భయం పోతుంది. భయం పోయాక, గొట్టానికి దారి చూపే బూజీ కడ్డీ పక్కన పెట్టుకోరు, సీనియర్‌ని పిలవరు. నన్నడిగితే ఐసీయూ కాగితాల్లోంచి ఆ గడి కొట్టేయాలి.

ప్రసూనాంబ: గడి కొట్టేస్తే భయం తిరిగొస్తుందట్రా? నోరు తెరిపించి చూడమన్నాడాయన. చూశాక నిశ్చింతగా ఉండమని ఎక్కడా అనలేదు. అసలు మీ పిల్లలు ఆ పరీక్ష సరిగా చేస్తున్నారా? రోగిని కూర్చోబెట్టాలి. తల నిటారుగా ఉండాలి. నోరు వీలైనంత తెరిపించి, నాలుక పూర్తిగా చాపమనాలి. "ఆ" అనమనకూడదు. అంటే అంగిలి పైకి లేచి, మామూలుగా కనబడనిది కూడా కనబడుతుంది. నేను చూసిన సగం మంది రోగిని పడుకోబెట్టి, "ఆ అనండి" అని, తోచిన అంకె వేసేవాళ్లే.

భార్గవ: సరే, సరిగానే చేశారనుకుందాం. ఏం చూస్తారు?

ప్రసూనాంబ: గొంతు మొదట్లో కొండనాలుక, దానికి అటూ ఇటూ కమానుల్లాంటి మడతలు, పైన మెత్తని అంగిలి. అన్నీ కనబడితే మొదటి తరగతి. నాలుక మొదలు కొండనాలుకను కప్పేస్తే రెండు. మెత్తని అంగిలి తప్ప ఏదీ కనబడకపోతే మూడు. ఆయన పెట్టినవి ఈ మూడే. అదీ కనబడనివాళ్ల కోసం నాలుగో తరగతిని 1987లో శాంసూన్, యంగ్ అనే ఇద్దరు చేర్చారు. దీని వెనకున్న ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. నాలుక మొదలు ఆ నోటికి మించి పెద్దదైతే, ముందు కొండనాలుకను కప్పుతుంది. మత్తిచ్చి, గొంతులోకి చూసే లారింగోస్కోపు పెట్టినప్పుడు వెనకున్న స్వరపేటికనూ అలాగే కప్పుతుంది. స్వరపేటిక కనబడకుండా గొట్టం వేయడమంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. 1983లో దీన్ని ఊహగా ఒక చిన్న లేఖలో రాశాడు. రెండేళ్లలో 210 మంది రోగుల మీద పరీక్షించి కెనడా అనస్థీషియా పత్రికలో ప్రచురించాడు. మూడో తరగతిలో 15 మంది వస్తే, అందులో 14 మందికి స్వరపేటిక సరిగా కనబడలేదు. మొదటి తరగతిలోని 155 మందిలో ఒక్కరికీ ఆ ఇబ్బంది రాలేదు. పైసా ఖర్చు లేకుండా, సూది గుచ్చకుండా ఇంత చెప్పే పరీక్ష అప్పటికి ఏముంది?

భార్గవ: అదే పట్టికలో ఇంకో అంకె ఉంది. స్వరపేటిక సరిగా కనబడనివాళ్లు మొత్తం 28 మంది. మూడో తరగతిలో 14 మంది దొరికారు. మిగతా 14 మంది రెండో తరగతిలో ఉన్నారు. మూడో తరగతిని హెచ్చరికగా పెట్టుకున్న డాక్టరుకు కష్టమయ్యేవాళ్లలో సగం మంది కనబడకుండా పోయారన్నమాట.

ప్రసూనాంబ: ఆ పట్టిక వేసింది ఆయనేగా? దాచలేదు కదా?

భార్గవ: దాచలేదు, అందుకు ఆయనంటే నాకు గౌరవమే. చదివినవాళ్లు ఆ 14 మందిని మరిచిపోయారు, నా బాధ అది. 2018లో అచ్చయిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష వచ్చింది. 133 అధ్యయనాలు, 8 లక్షల 44 వేల మంది. నాలుగు తరగతుల మల్లంపాటి పరీక్ష స్వరపేటిక కనబడటం కష్టమయ్యే నూరుగురిలో 53 మందిని పట్టింది. 33 ఏళ్ల తర్వాత, 210 మందికి బదులు లక్షల మందిని చూశాక, మళ్లీ అదే సగం దగ్గర ఆగింది. ఏ కష్టమూ లేనివాళ్లలో నూటికి 20 మందిని కష్టమని చెప్పింది. ఒక లెక్క వేద్దాం. ఆపరేషన్‌కు వచ్చిన వెయ్యి మందిలో 50 మందికి నిజంగా కష్టం అనుకోండి. పరీక్ష దాదాపు 27 మందిని పడుతుంది, 23 మందిని వదిలేస్తుంది. మిగతా 950 మందిలో 190 మందికి ఊరికే గంట కొడుతుంది. గంట మోగిన 217 మందిలో నిజమైనవాళ్లు ఎనిమిదింట ఒకరు.

ప్రసూనాంబ: నీ లెక్కలో తప్పులేదు. నీ బాధ మాత్రం తప్పు చోట పడింది. ఆ 190 మందికి నేనేం చేశాను? ఇంకో లారింగోస్కోపు బ్లేడు తెప్పించుకున్నాను. పక్క థియేటర్లోని సీనియర్‌ని ఒక పదినిమిషాలు నిలబడమన్నాను. ఆక్సిజన్ కాస్త ఎక్కువసేపు పట్టాను. దానివల్ల ఎవరికి నష్టం? నష్టమంతా ఆ 23 మందిలో ఉంది.

భార్గవ: నేనంటున్నదీ వాళ్ల గురించే.

ప్రసూనాంబ: కాదు, వాళ్లను అడ్డం పెట్టుకుని పరీక్షనే తీసేయమంటున్నావు. తీసేస్తే ఆ 27 మందీ పోతారు.

ఈ జవాబు నాకు నచ్చింది. సగం మందినే పట్టే వల అని దాన్ని చెరువులో పారేయమనడం తేలిక, ఆ సగం మందిలో మన ఇంటి మనిషి ఉంటే అలా అనం. కానీ భార్గవ దగ్గర ఇంతకంటే బరువైన సాక్ష్యం ఉంది.

భార్గవ: డెన్మార్క్ సంగతి చూడండి. అక్కడ అనస్థీషియా వివరాలు జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కించేవాళ్లు. 2015లో నోర్స్కోవ్ బృందం 1,88,064 మంది వివరాలు తీసి చూసింది. గొట్టం వేయడం కష్టమైనవాళ్లు 3,391 మంది. వాళ్లలో 93 శాతం మందికి కష్టమవుతుందని ముందు ఎవరూ అనుకోలేదు. కష్టమవుతుందని ముందే రాసినవాళ్లలో నిజంగా అయింది నాలుగింట ఒకరికే. ఇంత నిర్వహణ ఉన్న దేశంలో పరిస్థితి ఇది.

ప్రసూనాంబ: ఆగాగు. ఆ డేటాబేస్‌లో డాక్టర్లు నింపింది మల్లంపాటి తరగతినా?

భార్గవ: కాదు. "కష్టమవుతుందని అనుకుంటున్నారా, లేదా" అన్న గడి.

ప్రసూనాంబ: మరి? అది డాక్టరు అంచనా. ఆ డాక్టరు నోరు తెరిపించి చూశాడో లేదో, చూసినా లెక్కలోకి తీసుకున్నాడో లేదో ఎవరికి తెలుసు? ఆ 93 శాతాన్ని తెచ్చి మల్లంపాటి నెత్తిన వేస్తావేం?

భార్గవ: ఆ మాట ఒప్పుకుంటాను. వాళ్లే ఇంకో అధ్యయనం కూడా చేశారు, 2016లో అచ్చయింది. డెన్మార్క్‌లోని అనస్థీషియా విభాగాలను రెండు జట్లు చేశారు. ఒక జట్టు ప్రతి రోగికీ పద్ధతిగా స్కోరు వేయాలి. మల్లంపాటి తరగతి, నోరు ఎంత తెరుచుకుంటుంది, మెడ ఎంత కదులుతుంది, గడ్డం నుంచి కంఠమణికి దూరం, బరువు, ఇదివరకు కష్టమైందా, ఇలా ఏడు అంశాలు. రెండో జట్టు తమ అలవాటు ప్రకారం చూసుకుంటుంది. దాదాపు 60 వేల మంది మీద లెక్క తేలింది. అనుకోకుండా కష్టమైనవాళ్లు స్కోరు వేసిన జట్టులో 2.38 శాతం, వేయని జట్టులో 2.39 శాతం.

ప్రసూనాంబ: ...

భార్గవ: అత్తయ్యా, మీరు మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ప్రసూనాంబ: ఆలోచిస్తున్నాన్రా. అంకె గట్టిదే. పద్ధతిగా కొలిచినా అనుకోని కష్టం తగ్గలేదంటే, నోరూ మెడా కొలిచి గొంతు లోపలి సంగతి పూర్తిగా చెప్పలేమని తేలినట్టే. దాన్ని కాదనను. అయితే 2002లోనే ఇంగ్లండులో యెంటిస్ అనే అనస్థీషియా వైద్యుడు ఈ ప్రశ్న వేశాడు, ఇది పనికొచ్చే పనా, ఉత్త తంతా అని. ముందే చెప్పడానికి ఇవి పెద్దగా ఉపయోగపడవనే అన్నాడు. అయినా మానొద్దన్నాడు. ఆ కాసేపైనా డాక్టరు ఈ మనిషి శ్వాసమార్గం గురించి ఆలోచిస్తాడు కాబట్టి, కుర్ర డాక్టర్లతో చేయిస్తూనే ఉండమన్నాడు. నా బడి అదే. గొట్టం వేయబోయే మనిషి ముఖం లారింగోస్కోపు చేతిలోకి వచ్చాకే మొదటిసారి చూసే డాక్టర్లున్నారు. ఆ పరీక్ష వాళ్లను ముందురోజే రోగి మంచం దగ్గరికి నడిపిస్తుంది.

భార్గవ: మీ థియేటర్లో నడిపిస్తుంది. మా దగ్గర ముందురోజు ఉండదు. రాత్రి రెండింటికి అంబులెన్సులో న్యుమోనియా మనిషి వస్తాడు. నెత్తురులో ఆక్సిజన్ శాచురేషన్ 80. నిమిషానికి నలభైసార్లు ఆయాసపడుతున్నాడు, మాస్కు తీస్తే ఇంకా పడిపోతుంది. ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, మాస్కు తీసి, నాలుక చాపమని నేనడగాలా? తలకు దెబ్బ తగిలి స్పృహ లేనివాడిని ఎలా అడగను? పురుగుమందు తాగొచ్చిన మనిషి నోట్లో నురగ తప్ప ఏం కనబడుతుంది? ఈ పరీక్షకు మాట వినగలిగే రోగి కావాలి. మా రోగుల్లో చాలామంది మాట వినే స్థితి దాటాకే మా దగ్గరికి వస్తారు.

ప్రసూనాంబ: చేయలేనివాళ్లకు చేయమని నేనూ అనను. కానీ ఐసీయూకే ప్రత్యేకంగా ఫ్రాన్సులో ఒక స్కోరు కట్టారు, మరిచావా? 2013లో డి యాంగ్ బృందం 42 ఐసీయూల్లో గొట్టం వేసిన 1,000 సందర్భాలు చూసి మకోకా స్కోరు తయారుచేసింది. మొత్తం 12 పాయింట్లు. అందులో మల్లంపాటి మూడు, నాలుగు తరగతులకే 5 పాయింట్లు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు 2. తక్కినవాటికి తలా ఒకటి. మీ ఐసీయూ వాళ్లు స్వయంగా కట్టిన స్కోరులోనే అన్నిటికంటే బరువైంది ఆయన పరీక్ష.

భార్గవ: నిజమే. ఆ స్కోరులో స్పృహ లేకపోవడానికి ఒకటి, ఆక్సిజన్ బాగా తగ్గడానికి ఒకటి, గొట్టం వేసేది అనస్థీషియా డాక్టరు కాకపోతే ఒకటి. ఆ మూడూ నాకు తలుపు దగ్గరే తెలిసిపోతాయి. అయిదు పాయింట్లున్నదే తెలియదు.

ప్రసూనాంబ: మాస్కు మీద ఆక్సిజన్‌తో నిలకడగా ఉన్నవాడికి తెలుసుకోవచ్చు కదా. మీ దగ్గరికొచ్చే ప్రతివాడూ చివరి ఊపిరితోనే రాడు. పొద్దున్నించి ఆయాసం పెరుగుతూ ఉన్న రోగిని సాయంత్రం దాకా చూసి, రాత్రి గొట్టం వేస్తారు. ఆ పొద్దున నోరు చూడటానికి ఏం అడ్డం?

భార్గవ: అడ్డం లేదు. చూడాలి. సరే, ఆ మాట మీదే. కానీ నా అసలు మాట ఇంకా చెప్పలేదు. గొంతు కనబడటమే మా కష్టం అయితే మీ పరీక్ష గురించి ఇంత వాదించేవాణ్ని కాదు. 2021లో ఇంట్యూబ్ అధ్యయనం అచ్చయింది. 29 దేశాలు, 197 కేంద్రాలు, ప్రాణాపాయంలో ఉన్న 2,964 మంది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్ షీలా మయాత్రా కూడా ఆ బృందంలో ఉన్నారు. నూటికి 80 మందికి గొట్టం మొదటి ప్రయత్నంలోనే పడింది. బాగుంది కదా? అయినా 45 శాతం మందికి గొట్టం వేసే సమయంలోనో, ఆ వెంటనేనో పెద్ద ప్రమాదం ఏదో ఒకటి జరిగింది. 42.6 శాతం మందికి రక్తప్రసరణ కుప్పకూలింది. 9.3 శాతం మందికి ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయింది. 3.1 శాతం మందికి గుండె ఆగింది. నూటికి ముగ్గురు! ఏ కొండనాలుక చూసి బీపీ పడిపోతుందని చెప్పగలం?

ప్రసూనాంబ: చెప్పలేం.

భార్గవ: మా దగ్గర కష్టం నాలుక మొదట్లో కంటే ఊపిరితిత్తుల్లో, గుండెలో, నెత్తురులో ఎక్కువ. మత్తు మందు పడగానే అప్పటిదాకా బిగబట్టిన రక్తనాళాలు సడలిపోతాయి. వెంటిలేటరు ఒత్తిడి మొదలవగానే గుండెకు చేరే నెత్తురు తగ్గుతుంది. ఉన్న కాస్త ఆక్సిజన్ నిల్వ నిమిషంలోపు ఆవిరైపోతుంది. గొంతు ఎంత విశాలంగా కనబడినా ఆ మనిషి చనిపోవచ్చు. అందుకని మాకు పనికొచ్చిన పరిశోధన వేరే దారిలో నడిచింది. ఎవరికి కష్టమో చెప్పాలనే ప్రయత్నం వదిలేసి, అందరికీ ప్రమాదం తగ్గించేది ఏమిటని అడిగింది. 2024లో ప్రియాక్సి అధ్యయనం 1,301 మంది మీద జరిగింది. గొట్టం వేసేముందు బిగుతు మాస్కుతో ఒత్తిడి పెట్టి ఆక్సిజన్ ఇస్తే, అది ప్రమాదకరంగా పడిపోయినవాళ్లు 18.5 శాతం నుంచి 9.1 శాతానికి దిగారు. అంతకుముందు 2019లో, మత్తిచ్చాక గొట్టం వేసేదాకా ఆంబూ బ్యాగుతో ఊపిరి ఇస్తుండటం వల్ల ఆ ప్రమాదం 22.8 నుంచి 10.9కి దిగిందని 401 మంది మీద తేల్చారు. గొంతు ఏ తరగతిదో అడగక్కర్లేకుండా, చేస్తే అందరికీ మేలు.

ప్రసూనాంబ: మా రోజుల్లో మత్తిచ్చాక బ్యాగు నొక్కితే పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందని నొక్కనిచ్చేవాళ్లం కాదు.

భార్గవ: ఆ భయం అంకెల్లో కనబడలేదు. మేం నమ్మినవీ కొన్ని నిలబడలేదు. గొట్టం వేసేముందు సెలైన్ ఎక్కిస్తే బీపీ పడదనుకున్నాం. 2022లో 1,065 మంది మీద చూస్తే ఎక్కించినవాళ్లలో 21 శాతం మందికి, ఎక్కించనివాళ్లలో 18.2 శాతం మందికి రక్తప్రసరణ కూలింది. తేడా లేదనే తేల్చారు. పాతదైనా, కొత్తదైనా, మనవాడిదైనా పరీక్షకు నిలబడాలి. 2023లో డివైస్ అధ్యయనం వీడియో లారింగోస్కోపుతో మొదటి ప్రయత్నం 85.1 శాతం, మామూలుదానితో 70.8 శాతం నెగ్గిందని చూపింది. 1,417 మంది మీద. కొస మీద కెమెరా ఉన్నాక నాలుక మొదలు ఎంత పెద్దదైనా పక్కనుంచి చూడొచ్చు.

ప్రసూనాంబ: 2017లో ఫ్రాన్సు ఐసీయూల్లో 371 మంది మీద చేస్తే వీడియోతో లాభమేమీ లేదు, పైగా ప్రాణాంతకమైన ఇబ్బందులు ఎక్కువయ్యాయి. వీడియోతో 9.5 శాతం, మామూలుదానితో 2.8 శాతం. తెర మీద స్వరపేటిక అందంగా కనబడుతుంటే గొట్టం అందులోకి పోక, కనబడుతోంది కదా అని పట్టుబట్టి కూర్చుంటే ఆక్సిజన్ అయిపోతుంది. చూడటం వేరు, వేయడం వేరు. వీడియో మంచిదే, ఉంటే నేనూ అదే వాడమంటాను. లేనిచోట ఏం చేస్తావు? తాలూకా ఆసుపత్రిలో ఒక్క మత్తు డాక్టరు, ఒక్క మామూలు బ్లేడు. రాత్రి కాన్పు కేసు. అక్కడి మాట నీకు చెబుతాను, విను.

భార్గవ: చెప్పండి.

ప్రసూనాంబ: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5. ఎక్కువ భాగం వెన్నులో సూదిమందుతోనే జరుగుతాయి. నెత్తురు గడ్డకట్టకపోయినా, తల్లి ఫిట్స్‌తో వచ్చినా, బిడ్డ గుండె చప్పుడు ఆగిపోతున్నా పూర్తి మత్తు ఇవ్వాల్సి రావొచ్చు. నాలుగో తరగతి చేర్చిన శాంసూన్, యంగ్ లెక్క గుర్తుందా? మామూలు ఆపరేషన్లలో గొట్టం వేయలేకపోయింది 2,230 మందిలో ఒకరికి. గర్భిణుల్లో 280 మందిలో ఒకరికి. ఎనిమిది రెట్లు. గర్భంతో ఉన్నప్పుడు గొంతు లోపల నీరు చేరుతుంది, నాలుక ఉబ్బుతుంది. నెలలు నిండేకొద్దీ తరగతి మారొచ్చు. బ్రిగమ్‌లోనే భవానీశంకర్ కొడాలి బృందం 2008లో 61 మంది తల్లులకు నొప్పులకు ముందు, కాన్పు తర్వాత నోరు చూసింది. 20 మందికి ఒక తరగతి పెరిగింది, ముగ్గురికి రెండు తరగతులు పెరిగాయి. కొన్ని గంటల్లో! అయిదో నెలలో వేసిన "ఎంపీ వన్" నొప్పులు ఎక్కువసేపు పడ్డ తల్లికి ఎందుకూ పనికిరాదు. థియేటర్లోకి తెచ్చాక మళ్లీ నోరు తెరిపించి చూడాలి. ఆ తల్లి మాట వింటుంది, కూర్చోగలదు, నాలుక చాపగలదు. అర నిమిషం పని. మల్లంపాటి చూపు లేకపోతే ఈ మార్పు జరుగుతుందని కూడా మనకు తెలిసేది కాదు.

భార్గవ: దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు.

నా దగ్గరా లేదు. ఐసీయూ సంగతిలో భార్గవ వాదమే బలమైందని నా నమ్మకం. ప్రాణాపాయంలో ఉన్న రోగిని కాపాడేది ముందే చెప్పిన జోస్యం కాదు, అందరికీ ఒకేలా చేసే సన్నాహం. కాన్పుగదిలో మాత్రం ప్రసూనాంబ గారి మాటకు తిరుగులేదు. ఒకే పరీక్షకు రెండు చోట్ల రెండు విలువలుండటం నాకు వింతగా అనిపించదు. ఇక ఈ ఇద్దరూ కలిసిన చోటు ఒకటుంది.

భార్గవ: అత్తయ్యా, ముందే తెలియకపోవడం వల్ల కంటే, తెలిశాక ఏం చేయాలో తోచకపోవడం వల్ల పోయినవాళ్లున్నారు. ఇంగ్లండులో ఎలేన్ బ్రొమిలీ అని 37 ఏళ్ల తల్లి. 2005 మార్చి 29న సైనస్ ఆపరేషన్‌కు వెళ్లింది. మత్తిచ్చాక గొట్టం పడలేదు, మాస్కుతోనూ ఊపిరి అందలేదు. శాచురేషన్ 40కి పడిపోయింది. అనుభవమున్న డాక్టర్లు గొట్టం కోసమే మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. నర్సు మెడకు రంధ్రం పెట్టే సామాను తెచ్చి చెప్పింది. ఎవరూ అందుకోలేదు. 13 రోజుల తర్వాత ఆమె చనిపోయింది. భర్త మార్టిన్ విమానం నడిపే పైలట్. ఎవరినీ శిక్షించమనలేదు. విమానాల్లో లాగా ఆసుపత్రుల్లోనూ జట్టుగా పనిచేయడం నేర్పాలని సంస్థ పెట్టాడు. ఆ గదిలో లోటు పడింది అంకె కాదు, "గొట్టం వద్దు, ఇక మెడ దగ్గరికి వెళ్దాం" అనే మాట.

ప్రసూనాంబ: ఆ మాట ఎప్పుడనాలో ముందే నిర్ణయించుకోవాలి. ఇంగ్లండు మార్గదర్శకాలు 2015లో నాలుగు మెట్లు పెట్టాయి. గొట్టం, అది కాకపోతే గొంతులో కూర్చునే మాస్కు, అదీ కాకపోతే ముఖం మాస్కు, ఏదీ కాకపోతే మెడ. ఈ రంగంలోని మన దేశపు వైద్యుల సంఘం కూడా 2016లో ఐసీయూకు వేరుగా, గర్భిణులకు వేరుగా రాసింది. ఇన్నిసార్లే ప్రయత్నించాలి, తర్వాత ఆపాలి అని. మీ వాళ్లు ఎన్నిసార్లు ప్రయత్నిస్తారు?

భార్గవ: ఇప్పుడైతే ముందే బయటికి గట్టిగా చెప్పుకుంటాం. ఎవరు ఆపమంటారో వాళ్ల పేరు కూడా. ఇంకొకటి కూడా ఉంది. 2011లో ఇంగ్లండు జాతీయ నివేదిక, నాప్ ఫోర్ అంటాం కదా, ఐసీయూల్లో శ్వాసమార్గం సమస్యతో జరిగిన మరణాల్లో 70 శాతానికి పైగా వాటికి కాప్నోగ్రాఫ్ వాడకపోవడం ఒక కారణం కావచ్చని తేల్చింది. గొట్టం శ్వాసనాళంలో ఉంటే ఊపిరితో పాటు బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ దాని తెర మీద అలలా కనబడుతుంది. అల లేకపోతే గొట్టం ఆహారనాళంలో ఉందనే అనుకోవాలి. ఇందులో ఊహ లేదు, శాతాల గొడవ లేదు.

ప్రసూనాంబ: ఆ నివేదికలోనే గొంతు పరీక్షించకపోవడం, పరీక్షించి కష్టమని తెలిసీ ప్లాను మార్చుకోకపోవడం గురించి కూడా ఉంది. అది మాత్రం వదిలేశావు.

భార్గవ: ఉంది. తెలిసీ మార్చుకోకపోవడం... అదే కదా నేను మొదట్నుంచీ అంటున్నది.

ప్రసూనాంబ: అయితే గడి కొట్టేయకు, మార్చు. చూడగలిగితే చూసి తరగతి వేయి. మూడు, నాలుగు అయితే ప్లాను మార్చు. ఒకటి, రెండు అయితే దానివల్ల ఏమీ తగ్గించొద్దని దాని పక్కనే రాయించు. చూడలేకపోతే "చూడలేదు" అని రాయి. పక్క గడిలో బీపీ, ఆక్సిజన్, ఇదివరకు కష్టమైందా లేదా.

భార్గవ: ఆ పక్క గడి ముందుకు రావాలి, అత్తయ్యా. తరగతి వెనక్కి.

ప్రసూనాంబ: ఐసీయూలో సరే. నా కాన్పుగదిలో అది ముందే ఉంటుంది.

పాఠకులకు ఒక విన్నపం. మీకు గానీ, మీ ఇంట్లోవాళ్లకు గానీ ఇదివరకు ఏ ఆపరేషన్‌లోనైనా గొట్టం వేయడం కష్టమైందని డాక్టరు చెప్పి ఉంటే, ఏం ఇబ్బంది వచ్చింది, చివరికి దేనితో వేయగలిగారు అన్నది కాగితం మీద రాయించుకోండి. దాన్ని ఆధార్ కార్డు ఉన్న చోటే పెట్టుకోండి. తర్వాత మత్తు ఇచ్చే ప్రతి డాక్టరుకూ, వాళ్లు అడగకపోయినా చూపించండి. రాత్రి గట్టిగా గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగుతుందా, పళ్లు ఏవైనా కదులుతున్నాయా అన్నదీ చెప్పండి. స్పృహ లేకుండా ఐసీయూకి చేరిన రోగి తరఫున ఇవన్నీ చెప్పగలిగేది పక్కనున్న ఇంటి మనిషే. అందుకని ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.